ఝాన్సీ దమ్ము చేసిన మడి

ట్రాక్టర్ వచ్చింది. దిగింది ఆడపిల్ల.

దేవేంద్ర గట్టు మీద నుంచి రోడ్డు వైపు తొంగి చూశాడు. ఇంకెవరూ లేరు.

"డ్రైవర్ ఏడీ?"

"నీ ఎదురుగా ఉన్నాది ఎవులు? దెయ్యవా?"

వాళ్ల నాన్న చొక్కా, తలకి చుట్టిన చున్నీ, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. ఎచ్చెర్ల బంగారురాజు కూతురు ఝాన్సీలక్ష్మి. తండ్రికి నడుం పట్టేసిన దగ్గర్నుంచి ట్రాక్టర్ ఆమే నడుపుతోంది.

దేవేంద్ర తండ్రి జగన్నాధం మొహం చిట్లించాడు. "ఆడపిల్ల దమ్ము సేయడవేటి? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ మావా. కాలవ నీరు మీకు ఈ ఒక్కరోజే కదా. ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతాను."

జగన్నాధం నీళ్లకేసి చూశాడు, మబ్బుకేసి చూశాడు, పక్కకి తప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి నీళ్లలో దున్ని చదును చేసిన మడి అద్దంలా అయింది. దేవేంద్ర చూసింది మాత్రం మడిని కాదు.

మూడో రోజు ఉభాలు, వరి నాట్లు. పదిమంది ఆడవాళ్లు రావాలి, ఐదుగురే వచ్చారు. నారుకట్టలు వాడిపోతున్నాయి. పక్క మడిలో పని ముగించుకున్న ఝాన్సీ ట్రాక్టర్ ఆపింది.

"అలా నిలబడే బదులు దిగి నాటరాదా?"

"మగోలు నాటుతారేటి?"

"ఆడది దమ్ము సేయనేదేటి?"

దేవేంద్ర లుంగీ ఎగ్గట్టి దిగాడు. ముందుకు నడుస్తూ నాటడం మొదలుపెట్టాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, నాట్లు వేస్తున్న ఈశ్వరి పకపకా నవ్వింది.

"ఒరే బాబూ, నాటింది నాటినట్టే తొక్కేత్తన్నావురా!"

ఝాన్సీ వచ్చి పక్కన వంగింది. "ఎనక్కి నడు. మూడు వేళ్లతో పట్టు. అంత లోతుకి కాదు, నారుకి ఊపిరాడొద్దా?"

వాన మొదలైంది. ఆమె ముక్కు మీద బురద చుక్క. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ అతను ఒక్కచోటే ఐదు కుదుళ్లు నాటేశాడు.

సాయంత్రానికి నడుం లేవలేదు. ఇన్నేళ్లూ అమ్మ ఈ పని చేసొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర ఎలా కూర్చుందో అతనికి అర్థం కాలేదు.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో ఝాన్సీకి ఫోన్ చేసేవాడు.

"మీకింకా ఎన్ని మళ్లున్నాయి?" అంది ఒకరోజు.

"అయిపోయాయి."

"మరెందుకు ఫోను?"

"ఊరికే" అన్నాడు దేవేంద్ర. ఆమె గొంతు తగ్గింది.

"ఆదివారం విజయనగరం నుంచి సంబంధం వస్తన్నారు. ఇప్పటికి మూడు తప్పిపోయాయి. ట్రాక్టర్ మానమన్నారు, మాననన్నాను. ఇదీ తప్పితే బండి అమ్మేత్తానంటన్నాడు నాన్న."

"నాకెందుకు సెప్తన్నావు?"

"ఊరికే" అని ఫోన్ పెట్టేసింది.

శనివారం పొద్దున్నే దేవేంద్ర తండ్రిని వెంటబెట్టుకుని ఎచ్చెర్ల బస్సెక్కాడు.

"బండి సంగతి పెళ్లయ్యాక మెల్లగా మానిపిద్దాం. నువ్వు నోరెత్తకు" అన్నాడు జగన్నాధం దారిలో.

బంగారురాజు ఇంట్లో మాటలు బాగానే కలిశాయి. "మరి మా పిల్ల ట్రాక్టరూ..." అని నసిగాడు బంగారురాజు.

"దానికేటుంది? పెళ్లయ్యాక మావోడు నడుపుతాడు."

గుమ్మంలో నిలబడ్డ ఝాన్సీ దేవేంద్రకేసి చూసింది. అంతే, ఒక్క చూపు.

"నాకు రాదు నాన్నా" అన్నాడు దేవేంద్ర. "తను నేర్పితే నేర్సుకుంటాను. బండి మానమంటే మాత్రం ఈ సంబంధం మనకొద్దు. తను మానదు. మానడం నాకూ ఇష్టం నేదు."

పెద్దల మధ్య కొడుకు ఎదురు చెప్పడం జగన్నాధం ఎరగడు. కండువా సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"దమ్ము సాపుగానే సేసిందిలే" అన్నాడు చివరికి. "మగోలు కూడా అంత సాపుగా సెయ్యరు."

బంగారురాజు కళ్లు తుడుచుకున్నాడు. "అయితే ఖాయవే బావా!"

"ఆగండి" అంది ఝాన్సీ. "మీరూ మీరూ ఒప్పీసుకున్నారు. నన్నెవులడిగారు?"

దేవేంద్ర లేచి నిలబడ్డాడు. "నన్ను పెళ్లి సేసుకుంటావా?"

"వంటొచ్చా?"

"టీ వచ్చు."

"పెట్టుకురా. తాగి సెప్తాను."

పెళ్లిచూపులకొచ్చిన మగపిల్లాడు ఆ వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదలు. గిన్నెల చప్పుడు అయింది. ఏదో కింద పడింది కూడా. కాసేపటికి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఝాన్సీ కుర్చీలో కూర్చుని ఒక గుక్క తాగింది.

"పంచదార ఎక్కువైపోనాది."

అతని మొహం వాడిపోయింది. "మళ్లీ పెట్టమంటావా?"

"పెట్టు. రోజూ పెడితే నీకే తెలుస్తాది, నానెంత ఏసుకుంటానో" అంటూ గ్లాసు ఖాళీ చేసింది.

విజయనగరం వాళ్లని రేపు రావద్దని చెప్పడానికి బంగారురాజు ఫోన్ తీసుకుని వాకిట్లోకి నడిచాడు.