పాజ్ నొక్కని ఆటగత్తె

"మెట్రో బ్రేకుల సాఫ్ట్‌వేర్‌లో ఎవరో విషం కలిపారు," అన్నాడు చీఫ్ తలుపు గడియ పెడుతూ. "విదేశీ ముఠా పని. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి అప్‌డేట్ వెళ్తుంది. వెళ్ళాక ఏ రైలూ ఆగదు."

"ఇప్పుడే ఆపించండి."

"ఆపిస్తే వాళ్ళ మనిషి జారుకుంటాడు. లోపల మన ఏజెంట్ ఉంది, అప్‌డేట్లు పంపే రిలీజ్ మేనేజర్. 'బ్యాటరీ ఎంతుంది?' అని అడుగు. 'ఒక్క గీత' అంటే ఆమే."

"మా అక్క నడిపేది మెట్రో రైలే సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

గూఢచారి శాఖలో అతని మారుపేరు చిరాకు. ఊరికే రాలేదు. ప్రోగ్రామర్ అన్నవాడు కోడ్‌లో ఏది మార్చినా, ఎందుకు మార్చాడో వెర్షన్ కంట్రోల్ అనే మార్పుల చిట్టాలో నాలుగు ముక్కలు రాయాలంటాడు. చేతిలో పట్టుకుని ఆడే గేముకి నొక్కితే టక్కుమనే బటన్లుండాలంటాడు. ఈ రెంటిలో ఏది లోపించినా అతనికి ఒళ్ళు మండిపోతుంది.

దొంగమీసం, కాంట్రాక్ట్ ప్రోగ్రామర్ ఐడీ కార్డుతో మెట్రో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చొరబడ్డాడు. కీబోర్డుల సందుల్లో బిస్కెట్ పొడి, ఏసీలో తడిసాక్సుల వాసన. వెర్షన్ కంట్రోల్ తెరిస్తే అంతకన్నా కంపు. "ఫిక్స్." "మళ్ళీ ఫిక్స్." "ఇదే లాస్ట్." "నిన్నటిది కాదు ఇది." లక్షలమంది ప్రాణాలు మోసే బ్రేకులకి వీళ్ళు రాసుకున్న చరిత్ర ఇదీ!

"అవన్నీ ఎవరు చదువుతారు బాస్?" అన్నాడు టీమ్ లీడర్ ఆవులిస్తూ. "రన్ అవుతోందా లేదా?"

లీడర్ పీక పిసకాలన్న కోరికని అణచుకుని చిట్టాలో ఇంకా కిందికి వెళ్ళాడు. అక్కడ ఒక మెసేజ్ దగ్గర ఆగిపోయాడు. చక్కటి శీర్షిక. కింద ఖాళీ వరుస. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎలా టెస్ట్ చేశారు, అన్నీ ఉన్నాయి. లేచి సెల్యూట్ కొట్టబోయాడు.

అంతలో ఒళ్ళు జల్లుమంది. లాగిన్ ఆ టీమ్ లీడర్‌ది. జన్మలో "ఓకే" కన్నా పొడుగు మాట రాయని శాల్తీ! ఎవరో అతని లాగిన్ వాడుకున్నారు, బాగా శిక్షణ పొందినవాళ్ళు. ఆ మార్పు తెరిచి చూశాడు. విషం అందులోనే ఉంది.

సాయం కోసం రిలీజ్ మేనేజర్ గదికి పరుగెత్తాడు. ముదురెరుపు లిప్‌స్టిక్, పట్టు స్కార్ఫ్, చేతిలో గేమ్ కన్సోల్.

"బ్యాటరీ ఎంతుంది?"

"ఒక్క గీత," అంటూ తలెత్తి నవ్వింది. చూసినవాడి మతి పోయే నవ్వు. కానీ గేమ్ సంగీతం ఆగలేదు. నిజంగా ఆడేవాళ్ళు కొంప అంటుకున్నా ముందు పాజ్ నొక్కి, తర్వాతే తలెత్తుతారు.

"పాజ్ నొక్కలేదేం మేడమ్?"

నవ్వు మాయమైంది. స్కార్ఫ్ కిందనుంచి పిస్టల్ వచ్చింది.

"పదేళ్ళు ఈ శాఖకి చాకిరీ చేశా," అంది కసిగా. "ఎంత బాగా రాసినా నా మెసేజ్ చదివిన నాథుడు లేడు. అవతలివాళ్ళు చదువుతారు."

"నేను చదివాను. అంత మంచి మెసేజ్ నా సర్వీసులో చూడలేదు."

"నిజంగా?" పిస్టల్ వేలెడంత కిందికి దిగింది.

అది చాలు. అతను బల్లని ఆమె మీదికి తోశాడు. పిస్టల్ ఎగిరిపోయింది. కన్సోల్ అతని చేతికొచ్చింది. గేమ్ వెనక అసలు తెర కనపడింది. అప్‌డేట్ పంపాలా? అవును, వద్దు. పక్కనే పన్నెండు కావడానికి ఇంకా అయిదు, నాలుగు అంటూ సెకన్ల అంకెలు తరుగుతున్నాయి. ఏదీ నొక్కకపోతే "అవును" అన్నట్టే లెక్క.

కన్సోల్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్‌ని "వద్దు" వైపు తోశాడు. దానంతటదే "అవును" మీదికి జారింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ జారింది.

"ఛీ! గూఢచారుల కన్సోల్‌కీ ఈ స్టిక్ జారే దరిద్రమేనా!"

చేతిలో ఉన్నది అక్క ప్రాణం. స్టిక్ వదిలేసి, కింద ఉన్న పాతకాలపు ప్లస్ ఆకారం బటన్ నొక్కాడు. టక్. "వద్దు." ఓకే. అంకె ఒకటి దగ్గర ఆగింది.

వెంటనే అక్కకి ఫోన్ చేశాడు.

"రైలు ఆగిందా అక్కా?"

"స్టేషన్ వస్తే ఆగక ఏం చేస్తుందిరా? డ్యూటీలో ఫోన్ చేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" పెట్టేసింది. అతనికి కళ్ళు చెమర్చాయి.

చీఫ్ మనుషులు ఆమెకి బేడీలు వేసి తీసుకెళ్తుంటే టీమ్ అంతా నోరు తెరుచుకుని చూసింది. అతను వాళ్ళని ఎగాదిగా చూసి, చీఫ్ చెవిలో అన్నాడు:

"సార్, పనొచ్చిన ఒక్క మనిషినీ పట్టుకెళ్ళిపోతున్నారు. వీళ్ళందర్నీ బయటే వదిలేస్తారా?"