పోపు వేసేటప్పుడు పిలవండి

బిల్డింగులో ఫైర్ అలారం మోగేసరికి కళ్ళద్దాలబ్బాయి సగం గడ్డమే గీసుకున్నాడు. మిగతా సగం నురగతోనే మెట్లన్నీ దిగి, సన్నగా కురుస్తున్న వానలో రోడ్డు మీద నిలబడ్డాడు.

ఆ పరాయి ఊళ్ళో అతను ఒక కళ్ళజోళ్ళ షాపులో జనానికి చూపు పరీక్ష చేస్తాడు. అందుకే బిల్డింగులో తెలుగువాళ్ళంతా అతన్ని కళ్ళద్దాలనే పిలుస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు.

బిల్డింగు మొత్తం రోడ్డు మీదే ఉంది. ఒకావిడ పిల్లిని ఎత్తుకుని వచ్చింది. ఒకాయన దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఫైరింజను వచ్చింది. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు గొట్టాలు లాక్కుంటూ లోపలికి పరుగెత్తారు.

కళ్ళద్దాలబ్బాయి గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. పక్కనున్న రూమ్మేట్ చెవిలో అన్నాడు.

"రేయ్, ఇది నిప్పు కాదురా. పోపు. ఎవరో మనవాళ్ళే. ఇంగువ మాత్రం చెయ్యి జారి పడినట్టుంది."

"ఇంగువ సరిపడానే వేశానండీ," వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "మిరపకాయలే మాడాయి."

తిరిగి చూశాడు. ఒకమ్మాయి. జుట్టంతా వాన చినుకులు. చేతిలో పోపుగరిటె. అందులో ఆవాలు ఇంకా రెండు చిటపటమంటున్నాయి.

"మీ గడ్డం సగమే ఉంది," అంది ఆ అమ్మాయి.

"మీ పప్పులో పోపు సగమే పడినట్టుంది," అన్నాడు.

ఆమె నవ్వబోయింది గానీ, ఇంతలో కేర్‌టేకర్ వచ్చాడు. పొట్టిగా, ఎప్పుడూ జేబులో స్క్రూడ్రైవర్‌తో తిరిగే పెద్దాయన. ఆ ఊరి భాషలో వేలు చూపించి మరీ చెప్పాడు. వచ్చిన నెలలోనే ఇది రెండోసారి. ఇంకోసారి ఈ ఫైరింజను మన వీధిలోకి వచ్చిందంటే, నువ్వు పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆమె ముఖం వాడిపోయింది. ఆమె ఆ పక్క వీధి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఈ ఇల్లు దొరకడానికి ఆ ఊళ్ళో తిరగని సందు లేదు.

"పోపు లేకుండా తినొచ్చు కదండీ పప్పు?" అన్నాడు రూమ్మేట్ జాలిగా.

"పోపు లేని పప్పు నా గొంతు దిగదు. మీ ఫ్రెండు పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులోనట కదా, అద్దాల్లేని కళ్ళజోడు అమ్మమనండి చూద్దాం."

కళ్ళద్దాలబ్బాయికి ఆ మాట ఎక్కడో తగిలింది. తగిలినచోట ఏం చెయ్యాలో తోచక, నోటికొచ్చింది అనేశాడు.

"ఈసారి పోపు వేసేటప్పుడు పిలవండి. నేను తువ్వాలు పట్టుకుని అలారం కింద నిలబడతాను. పొగ దాని దాకా వెళ్ళకుండా విసురుతాను."

రూమ్మేట్ అతని వైపు చూసిన చూపు మాత్రం ఏ అద్దాలూ సరిచెయ్యలేనిది.

* * *

ఆమె నిజంగానే పిలిచింది. ఫోన్లో ఒకటే మాట వచ్చేది: పోపు. అది చూడగానే అతను ఏ పనిలో ఉన్నా వదిలేసి, భుజాన తువ్వాలేసుకుని కింది అంతస్తుకి పరుగెత్తేవాడు.

పనికొక పద్ధతి కుదిరింది. ఆమె నూనె పెట్టగానే అతను కుర్చీ ఎక్కాలి. "మిర్చి" అనగానే విసరడం మొదలుపెట్టాలి. "మూత" అనగానే ఆపాలి. కూలి కింద ఒక కంచం అన్నం.

"మెల్లగా విసరండి, స్టవ్వు ఆరిపోతోంది."

"మెల్లగా విసిరితే మీరు ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"గాలి నా ముఖానికి కొడుతోందండీ."

"మీ ముఖానికి గాలి ఆడాలనే విసురుతున్నాను."

"కింద చూడకండి. పైన చూడండి. అలారం పైన ఉంది."

అతను పైకి చూసేవాడు, మళ్ళీ కిందికి చూసేవాడు. పొద్దస్తమానం జనానికి 'ఇటు చూడండి, అటు చూడండి' అని చెప్పే మనిషికి, తన చూపు ఎటు పోతోందో పట్టుకోవడం చేతకాలేదు.

పప్పు, చారు, వంకాయ, బీరకాయ, అన్నిటికీ పోపే. పెరుగన్నానికి కూడా పోపు పెడుతోందంటే, ఆ అమ్మాయికి తువ్వాలు అలవాటైందనుకోవాలి. ఆ సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

* * *

ఒక వారం మధ్యలో అతను సెలవుపెట్టి ఇంట్లో ఉన్నప్పుడు కేర్‌టేకర్ నిచ్చెనతో వచ్చాడు. వంటింటి అలారం ఊడదీసి, తెల్లగా గుండ్రంగా ఉన్న కొత్తది బిగించాడు.

ఇది పొగకి మోగదు, గది బాగా వేడెక్కితేనే మోగుతుంది అన్నాడు. ఇక ఎవరేం మాడ్చుకున్నా తనకి సంబంధం లేదట. అన్ని వంటిళ్ళకీ ఇదే పెడుతున్నాడట.

"కింది అమ్మాయి వంటింటికి కూడానా?"

ఆమె వల్లే కదా నాకీ చాకిరీ అని గొణుక్కుంటూ నిచ్చెన దిగాడు పెద్దాయన.

కళ్ళద్దాలబ్బాయి ముందు సంతోషపడ్డాడు. పాపం, ఇక ఆమె ఇల్లు ఎక్కడికీ పోదు. తర్వాత సోఫాలో కూలబడ్డాడు.

"నీ ఉద్యోగం ఊడిందిరా," అన్నాడు రూమ్మేట్.

"ఆమె పగలు ఆసుపత్రిలో ఉంటుంది. మార్చిన సంగతి తెలియకపోవచ్చు."

"అయితే నువ్వే చెప్పు."

"చెప్తే ఇక నన్నెందుకు పిలుస్తుంది?"

సాయంత్రం ఫోన్లో వచ్చింది: పోపు. అతను తువ్వాలు వేసుకుని దిగాడు. ఆమె వంటింటి కప్పుకి తెల్లటి కొత్త అలారం పౌర్ణమి చంద్రుడిలా మెరుస్తోంది. ఆమె దాని వైపు చూడలేదు. అతను అసలే చూడలేదు. కుర్చీ ఎక్కాడు.

"మిర్చి," అందామె.

విసిరాడు. ఆ రోజు పాపాన్ని కూడా పప్పన్నంలో కలుపుకుని తిన్నాడు. ఆ తర్వాత రోజూ రేపు చెప్పేద్దామనుకున్నాడు. ఎన్నాళ్ళు గడిస్తే అంత కష్టమైంది. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ మోసం చేసి నా అన్నం తిన్నావా అంటుంది. అంటే అన్నమూ పోతుంది, అమ్మాయీ పోతుంది.

అన్నిటికంటే ముందు భుజం పోయింది. ఒక సాయంత్రం ఎడం చేత్తో చారు పోసుకుంటుంటే ఆమె పట్టేసింది.

"కుడి చెయ్యి ఎత్తండి. ఇంకా పైకి. నొప్పుందా?"

"లేదు," అన్నాడు, పళ్ళు బిగపట్టి.

"ఏం బరువులు మోశారు?"

"తువ్వాలు."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. ఆసుపత్రిలో రోగులకి చెప్పినట్టే వ్యాయామాలు చెప్పింది. గోడకి ఎదురుగా నిలబెట్టి వేళ్ళతో పైకి పాకించమంది. చివర్లో నెమ్మదిగా అంది.

"కొన్నాళ్ళు విసరడం మానేస్తే మంచిది."

"మరి అలారం?"

ఆమె గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దింది.

"అయితే ఎడం చేత్తో విసరండి," అంది.

* * *

సెలవులకి ఆమె అక్కా బావా వచ్చారు. వారాంతం సరస్సు దగ్గరికి వెళ్ళి, చెక్క ఇల్లు అద్దెకి తీసుకుని ఉందామన్నారు. కారు నడపగలిగినవాడు కళ్ళద్దాలబ్బాయి ఒక్కడే.

"దారిలోనే చెప్పెయ్," అన్నాడు సాగనంపడానికి కిందికొచ్చిన రూమ్మేట్, కారులో కుక్కర్ పెడుతూ. "వాళ్ళక్క కళ్ళు చూశావా? నీ షాపుకి రానక్కర్లేదు ఆవిడ."

దారి పొడుగునా ప్రయత్నించాడు. బావగారు ముందు సీట్లో కూర్చుని ఫోన్లో దారి చూస్తున్నాడు.

"మీకొకటి చెప్పాలి," అన్నాడు అద్దంలో ఆమెని చూస్తూ.

"చెప్పండి."

"ఆ వంటింట్లో..."

"ఎడమకి తిప్పు తమ్ముడూ," అన్నాడు బావ.

కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ వేళ కేర్‌టేకర్..."

"మనం దాటేశాం. వెనక్కి తిప్పు."

మూడోసారి నోరు తెరిచేసరికి బావ నిద్రపోయాడు గానీ, వాళ్ళు దారి తప్పి ఒక పశువుల కొట్టం ముందు ఉన్నారు.

సరస్సు చేరేసరికి వాన. పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. అక్క చెక్క ఇంట్లో చీర కుచ్చిళ్ళు దోపుకుని, "చూసేదేం లేదు గానీ, తినేదైనా చూద్దాం" అంది. కుక్కర్‌లో పప్పు ఉడికింది. చెల్లెలు పోపుగరిటెలో నూనె పోసి స్టవ్వు మీద పెట్టింది.

ఎవరూ పిలవలేదు. అయినా కళ్ళద్దాలబ్బాయి కాళ్ళు వాటంతట అవే లేచాయి. కుర్చీ లాక్కుని, తువ్వాలు దులిపి, అలారం కింద ఎక్కి నిలబడ్డాడు.

"మిర్చి," అంది ఆమె, అలవాటుగా.

విసరడం మొదలైంది.

బావ నోట్లో పెట్టుకోబోయిన బిస్కెట్టు దారిలోనే ఆగిపోయింది. "ఏంటి తమ్ముడూ, బల్లి ఉందా?"

"అలారం మోగకుండా బావగారూ. అక్కడ కూడా రోజూ ఇంతే."

"రోజూ ఎందుకు?" అంది అక్క. "ఏమే, పొగకి మోగనిది పెట్టారన్నావుగా? ఇక ఇష్టమొచ్చినట్టు పోపు పెట్టుకోవచ్చని ఫోన్లో ఎంత సంబరపడ్డావు."

తువ్వాలు గాల్లో ఆగిపోయింది.

ఆమె పోపుగరిటె వైపు చూస్తూ ఉండిపోయింది. చెవులు మిరపకాయల కంటే ఎర్రగా అయ్యాయి.

"మీకు తెలుసా?" అన్నాడు కుర్చీ మీదనుంచి.

"చెబుదామనే అనుకున్నానండీ. మీ భుజం చూసిన రోజు నిజంగా చెప్పబోయాను. నోరు రాలేదు."

"నాకూ తెలుసు."

"ఏం తెలుసు?"

"మీ ఇంట్లోది మార్చారని. అదే రోజు మా ఇంట్లోనూ మార్చారు."

ఆమె తలెత్తింది. "తెలిసి అన్నాళ్ళు విసిరారా?"

"తెలిసి అన్నాళ్ళు విసిరించుకున్నారా?"

"భుజం పోయేదాకా?"

"ఎడం చేత్తో విసరమన్నది ఎవరు?"

"అమ్మాయ్, మిరపకాయలు," అంది అక్క.

అప్పటికే ఆలస్యమైంది. ఆ చెక్క ఇంటి అలారం పాతకాలపుది, పొగంటే పడనిది. కొండ అవతలికి వినపడేలా మోగింది. స్టవ్వు ఆపేసి నలుగురూ వానలోకి పరుగెత్తారు. పక్క ఇళ్ళవాళ్ళూ బయటికొచ్చారు. ఒకాయన గాలంతో సహా వచ్చాడు.

ఆమె చేతిలో మళ్ళీ పోపుగరిటె. అతను తువ్వాలు విప్పి ఆమె తల మీద పట్టాడు, ఎడం చేత్తో.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే ఇక రారనుకున్నాను. మీరెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇక పిలవరనుకున్నాను."

ఆమె పోపుగరిటె ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"పోపు లేకపోయినా పిలవొచ్చు కదా," అన్నాడు. "ఊరికే. ఎల్లకాలం."

"ఎల్లకాలమంటే మా వాళ్ళనడగాలి." ఆమె తువ్వాలు అంచు అతని తల మీదికి లాగింది. "నువ్వు కూడా తడుస్తున్నావు. ఇంకొంచెం దగ్గరికి రా."

'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఆమె గమనించలేదు. అతను గమనించాడు. భుజం నొప్పి అప్పటికప్పుడు పోయింది.

చూరు కింద నిలబడ్డ అక్క మొగుడి డొక్కలో పొడిచింది. "చూస్తున్నారా?"

"పప్పు ఎప్పుడో ఉడికిందే. మనకే వాసన ఇప్పుడు తగిలింది."

"అమ్మకి ఫోన్ చేస్తాను. అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పను?"

"మోగని అలారం కింద నిలబడి నెలల తరబడి తువ్వాలు విసిరాడని చెప్పు. అంత ఓపికున్న అల్లుడు మీ ఇంట్లో ఇంతవరకూ లేడు. నేనే ఒప్పుకుంటున్నాను."

ఇల్లు అద్దెకిచ్చినాయన గొడుగేసుకుని వచ్చి అలారం ఆపి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. గరిటెలో మిరపకాయలు బొగ్గులై ఉన్నాయి. ఇంకోసారి పోపు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ పూట పప్పుకి పోపు లేదు. చప్పగా ఉందని అక్కా బావా ఊరగాయ కలుపుకున్నారు. పోపు లేని పప్పు గొంతు దిగదన్న ఆ అమ్మాయి మాత్రం మారు వడ్డించుకుని తింది.