వీపున నాలుగు బకిల్స్

"వెనక పెట్టారేమిటి?"

ఉమాశ్రీ కవచాన్ని కౌంటరు మీద బోర్లించి అడిగింది. అది ప్లాస్టిక్కు మీద వెండిరంగు పూసిన నాటకపు సరుకు. ఛాతీకొక ముక్క, వీపుకొక ముక్క. రెంటినీ కలిపి ఉంచవలసిన వెల్‌క్రో బందరు ఎండకు మూడో రోజే జిగురు కరిగి ఊడిపోయింది. అటువంటి వస్తువును 'వీరుల సెట్' అని అమ్మడానికి ఎంత ధైర్యం ఉండాలి!

బస్టాండు పక్కన బ్యాగులు కుట్టే మోహన్ వెల్‌క్రో పీకేసి, పట్టీలు వేసి, రివెట్లు కొట్టాడు. పని శుభ్రంగా ఉంది. బకిల్స్ నాలుగూ మాత్రం వీపు మధ్యన, ధరించిన మనిషి చెయ్యి చేరని చోట ఉన్నాయి.

"మా పడవలో అంతేనండీ. లైఫ్ జాకెట్ ఎవరిది వాళ్ళు బిగించుకోరు, పక్కోళ్ళు బిగించాలి. మా నాన్న పెట్టిన రూలు. చెయ్యి అలవాటులో పోయిందండీ."

"ఇది పడవా?"

"కాదండీ."

"సైన్యమంతా పారిపోతే రాణి ఒంటరిగా కవచం తొడుక్కుంటుంది. సీనంతా అదే! సాయంత్రం అయిదింటికి నాటకాల పోటీ. విప్పి ముందుకు మార్చండి."

"మళ్ళీ కన్నాలు వేస్తే ప్లాస్టిక్కు చీలిపోద్దండీ. పోనీ, తిరగేసి తొడుక్కుంటే?"

"వీపు మీద ఛాతీ పెట్టుకుని యుద్ధానికి వెళ్ళనా?"

మోహన్ కవచాన్ని వెల్లకిలా తిప్పాడు. రివెట్ల మొనలు గుచ్చుకోకుండా లోపల మెత్తటి ఫోము అంటించి ఉండడం ఆమె అప్పుడు గమనించింది. అది ఆమె చెప్పిన పని కాదు. అటువంటి మనిషిని తిట్టాలో, మెచ్చుకోవాలో ఆమెకు తేలలేదు.

"కొలతకని మూడుసార్లు రమ్మన్నారు. క్లాసులు మానుకుని వచ్చాను."

"ఒక్కసారి సరిపోయేదండీ."

"ఏమిటీ?"

"ఏం లేదండీ."

ఆమె ముఖం ఎర్రబడింది. అది కోపమేనని తనకు తాను గట్టిగా చెప్పుకున్నది గాని, అంతగా నమ్మలేకపోయింది.

"అయితే మీరే రండి. పారిపోకుండా మిగిలిన ఒక్క సైనికుడు. వచ్చి, బిగించి, వెళ్ళిపోవాలి. మాట్లాడితే ఊరుకోను."

సాయంత్రం ముందు వరుసలో శేషాచలం మాస్టారు కూర్చున్నారు. ఉమాశ్రీకి తండ్రి, ఆ నాటకానికి రచయిత. కామా మార్చినా సహించరు. ఒంటరి రాణి వెనక సైనికుడు ప్రత్యక్షం కాగానే ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

మోహన్ మూడు బకిల్స్ బిగించాడు. నాలుగోది ఎంతకీ లొంగలేదు.

"ఈ లోకంలో నాకెవరున్నారు?" అన్నది రాణి, రాసిన ప్రకారం.

"నేనున్నానండీ."

హాలంతా గొల్లుమన్నది. రాణి తరువాతి మాట మరచి, వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయింది. తెర వేసేశారు. బహుమతి పెడన జట్టుకు పోయింది.

మాస్టారు తెర వెనక్కి వచ్చారు.

"ఆ మాట ఎవరు రాశారయ్యా?"

"ఎవరూ రాయలేదండీ. వచ్చేసింది."

"పాత్ర కోసమా, నీ కోసమా?"

మోహన్ ఉమాశ్రీ వైపు చూశాడు. "నా కోసమేనండీ."

మాస్టారు జేబులోంచి కలం తీసి, రాతప్రతి తెరిచి, ఆ మాట అందులో చేర్చారు. "ఉంచమంటావా అమ్మా, కొట్టేయమంటావా?"

ఉమాశ్రీ నేల వైపు, కవచం వైపు, చివరికి మోహన్ వైపు చూసింది.

"ఉంచండి నాన్నగారూ. ఎందుకని మాత్రం ఇప్పుడే అడక్కండి."