టీవీ గొంతు

"అత్తా, రేపు స్టేజి మీద పిల్ల గొంతు బందైతే ఎట్ల? గంత మంది ముంగట నోరు తెరిచి ఉత్తగ నిలవడితే మన గతేంది?"

పొయ్యి మీద మిరియాల కషాయం ఇంకా మరగనే లేదు, అనసూర్య ఆ మాట అనేసింది. నిజానికి అప్పటికి ఏమీ జరగలేదు! పిల్లకు జలుబు లేదు, జ్వరం లేదు. అయినా ఆ తల్లి గుండె అంతే... మబ్బు పట్టకముందే పిడుగు ఎక్కడ పడుతుందోనని చూసే గుండె!

"నీ నోట్లె మన్ను వొయ్య! శుభమా అని పిల్ల పాడవోతుంటే గివేం మాటలే?" అని కసిరింది అత్త శంకరవ్వ. కసిరిందే కానీ ఆమె కూడా తమలపాకుకు సున్నం రెండోసారి రాసేసింది.

సిరిసిల్లలోని ఆ ఇంటికి వనజ ఒక్కగానొక్క బిడ్డ. ఇంటి గోడకు ఆనుకునే నాలుగు సాంచెల షెడ్డు. తండ్రి లక్ష్మీరాజం పొద్దస్తమానం ఆ మరమగ్గాల మధ్యనే. అలాంటి ఇంటి పిల్ల హైదరాబాదు వెళ్ళి టీవీ పాటల పోటీలో చివరి ఆరుగురిలో నిలిచింది, మూడో స్థానం తెచ్చుకుంది! ఇప్పుడు ఆ ఆరుగురితోనే ఊరూరా కచేరీలు. ఆదివారం కరీంనగర్లో మొదటిది, వచ్చేవారం మంచిర్యాల, ఆ తర్వాత ఆదిలాబాదు.

కరీంనగర్ దాకా సరే. ఆపైన పంపాలా వద్దా? అనసూర్య భర్తను ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒకటే మాట... "కరీంనగర్ల కానియ్యి. తర్వాత చెప్త." అంతే! బిడ్డ టీవీలో కనిపించిన రోజున వాడంతా ఆయన అన్న రామచంద్రం ఇంట్లో కలర్ టీవీ ముందు కూర్చుంటే, ఈయన మాత్రం సాంచెలు వదిలి రాలేదు. బాగా పాడిందని గానీ, పాడలేదని గానీ ఈనాటికీ ఒక్క ముక్క అనలేదు. తండ్రి "వద్దు" అంటే వనజ మారుమాట్లాడకుండా పాట మానేస్తుంది. ఆ సంగతి తల్లికి తెలుసు. అందుకే ఆ "తర్వాత" అన్న మాట అనసూర్య గుండెలో ముల్లులా దిగబడిపోయింది!

ఆ సాయంత్రం రామచంద్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మరదలా, నేనొకటి చెప్త ఏమనుకోకు. టీవీల పాడుడు వేరు, స్టేజి మీద పాడుడు వేరు. ఆడ తప్పువోతే ఆపి మళ్ల తీస్తరు. పాడేది గింతంత పాట. గొంతుకు మిషన్లు వెట్టి మెరుగు పూస్తరట! గిప్పుడు స్టేజి మీద గూడ టేపే పాడ్తదట, పిల్లలు ఉత్తగ పెదవులు ఆడిస్తరట. రేపు ఆ టేపు ఆగిందా, అసలు రంగు బయటవడ్తది."

"ఏం రంగురా? నీ సాంచె మీద నేసిన చీర రంగా, ఒక్క ఉతుకుకే పోనీకి?" అంది శంకరవ్వ.

"నవ్వులకు కాదే అవ్వా! వాడల అందరు 'టీవీ గొంతు, టీవీ గొంతు' అనవట్టిరి. అది నిజమైతే రేపు మొఖమెక్కడ వెట్టుకుంటం?"

టీవీ గొంతు! అనసూర్య గబుక్కున లేచింది. లోపలికి వెళ్ళి కూతురి చేయి పట్టుకుంది. "బిడ్డా, రేపు పాడేదాక ఒక్క మాట మాట్లాడకు. సాధన గీధన ఏమొద్దు. గొంతును దాచుకో!" అని ఒట్టు వేయించుకుంది.

ఆ ఇంట్లో అదేమంత కష్టమైన ఒట్టు కాదు. సాంచెలు నడుస్తుంటే ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఆ వాడలో ఆడవాళ్ళందరికీ పెదవుల మాటే అలవాటు. వనజ నీళ్ళు అడిగినా, అన్నం చాలన్నా పెదవులతోనే. "ఒక్కసారి పాడుకుంటనే అవ్వా..." అని తల్లిని కూడా పెదవులతోనే బతిమాలింది. తల్లి తల అడ్డంగా ఊపింది. గొంతు ఏమైనా గాదెలో వడ్లా, ఖర్చు కాకుండా దాచడానికి? కానీ భయం కమ్మిన తల్లికి ఆ మాట ఎవరు చెప్పగలరు!

ఆదివారం సాయంత్రం. కరీంనగర్ మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం! మొదట పోటీలో గెలిచిన హైదరాబాదు అబ్బాయి పాడాడు. గెంతుతూ పాడబోయి ఆయాసపడ్డాడు. చరణం మరిచిపోయి అరచేతిలోకి చూసుకున్నాడు.

"సూసినవా? నేనేమన్న!" అన్నాడు రామచంద్రం విజయగర్వంతో.

తర్వాత వనజను పిలిచారు. ఆకుపచ్చ పట్టుచీరలో బిడ్డ మైకు ముందు నిలబడగానే అనసూర్య కళ్ళు చెమర్చాయి. వాద్యాలు మొదలయ్యాయి. స్పీకరు పెట్టెలన్నీ జనం వైపు తిప్పి ఉన్నాయి. వెనక డప్పులు, ముందు ఈలలు... ఆ హోరులో వనజకు తన గొంతు తనకే వినపడలేదు. సాంచెల వాడ పిల్ల కదా! హోరులో గొంతు వినపడకపోతే ఆ వాడలో ఏం చేస్తారో అదే చేసింది, తనకు తెలియకుండానే! నిన్నటి నుంచి మూగబోయిన గొంతు లోపలికి జారిపోయింది. పెదవులు మాత్రం పాడుతున్నాయి...

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఎవడో అరిచాడు.

"టేపు ఆగిందిరో!"

మైదానమంతా గొల్లుమంది. ఈలలు, కేకలు! రామచంద్రం తల దించుకున్నాడు. శంకరవ్వ "నా బంగారు తల్లీ..." అని కొంగు నోట్లో కుక్కుకుంది. లక్ష్మీరాజం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రాయిలా కూర్చున్నాడు.

అనసూర్యకు ఒక్కటే తోచింది. 'నేనే! నా భయమే నా బిడ్డ గొంతు నొక్కింది!' తను ఏం చేస్తోందో తనకే తెలియలేదు. చెప్పులు వదిలేసి ముందు వరుసలోని తన కుర్చీ మీదకు ఎక్కేసింది! ఆ గోలలో అరిచినా వినపడదు. అందుకే కూతురి కళ్ళలోకి చూస్తూ, చప్పుడు లేకుండా, ఒక్కొక్క మాటే పెదవులతో విడదీసి చెప్పింది...

"వనజా! గొంతిప్పు బిడ్డా! సాంచెల సప్పుడు మీదికెల్లి పాడు! నాకు వంటింట్లకు ఇనవడాలె!"

"ఏందమ్మా, కూసో! నువ్వు గూడ టేపేనా?" అని వెనక ఎవరో కసిరారు.

కానీ అక్కడ, దీపాల వెలుతురులో, వనజ తల్లి పెదవులను చదువుకుంది. చెయ్యెత్తింది. వాద్యాలు ఆగాయి. కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు సాంచెల నడుమ నిలబడి, గోడ అవతల రొట్టెలు కాల్చే అమ్మకు వినిపించాలని ఎలా గొంతెత్తేదో, అలా ఎత్తుకుంది! మొదట గొంతు బొంగురుగా వచ్చింది. ఒక చోట చీరింది కూడా! అయినా ఆగలేదు. పల్లవి తిరిగేసరికి వాద్యాలు ఆమె వెనక పరుగెత్తాయి. ఈలలు వేసిన నోళ్ళు మూతబడ్డాయి. రెండో పాటగా జానపదం ఎత్తుకునేసరికి ఆ మైదానంలో చప్పట్లు తప్ప మరో చప్పుడు లేదు!

అనసూర్య ఏడుస్తూనే భర్త వైపు చూసింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆయన చేతులు మాత్రం మోకాళ్ళ మీదే ఉన్నాయి! ఆ తల్లి చప్పట్లు సగంలోనే ఆగాయి.

తిరుగు ప్రయాణంలో జీపులో రామచంద్రం నోటికి మూత లేదు. "నేను ముందే అన్న గదా! మనది స్టేజి మీద పాడే గొంతు. గందుకే టీవీల దానికి మూడో నంబరిచ్చిండ్రు. ఆ హైదరాబాదు పిలగానిది గొంతారా? అసలు టీవీ గొంతంటే వానిది!"

"నిన్నటి నాలుక ఏడ వెట్టి వచ్చినవురా?" అంది శంకరవ్వ.

అందరూ నవ్వారు. లక్ష్మీరాజం నవ్వలేదు, మాట్లాడలేదు. వనజ తండ్రి భుజం వెనక నుంచి ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది.

తెల్లవారింది. మధ్యాహ్నానికల్లా కచేరీ వాళ్ళకు మాట చెప్పాలి. లక్ష్మీరాజం ఎప్పటిలాగే సాంచెల దగ్గరకు వెళ్ళిపోయాడు. అనసూర్య ఇంక తట్టుకోలేకపోయింది. కూతురి చేతికి తండ్రి చాయ్ ఇచ్చి, తనూ వెంట నడిచింది. వాళ్ళు షెడ్డులో అడుగు పెట్టేసరికి కరెంటు పోయింది. వాడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఇగ చెప్పయ్యా," అంది అనసూర్య. ఆ నిశ్శబ్దంలో తన గొంతుకు తానే ఉలిక్కిపడింది. "పిల్ల రాత్రి నిద్రవోలే. గొంతు చీరినందుకు కోపమా? పది మంది నవ్విండ్రని సిగ్గా? తప్పు నాది, పిల్లది గాదు. పంపుతవా, బంద్ వెడ్తవా? ఏదైనా సరే... ఒక్క మాట చెప్పు!"

ఆయన తలెత్తలేదు. తెగిన పోగు కొసలు వెతికి పట్టుకుని ముడి వేస్తున్నాడు. ఒక పోగు అయింది. ఇంకొకటి తీసుకున్నాడు. వనజ చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది. శంకరవ్వ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. 

చాలాసేపటికి ఆయన చేతులు ఆగాయి. కూతురి వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మళ్ల ఎత్తుకున్నంక పల్లవి బాగనే నిలవెట్టినవ్ బిడ్డా. రెండో చరణం కాడ తొందరవడ్డవ్, దమ్ము సాలలే. మంచిర్యాలల జర నిమ్మళంగ ఎత్తుకో... నేను గూడ వస్త."