నీలం కారు వెనకాల

రెండింట్లో ఏది గొప్ప కారు?

నాలుగేళ్లుగా సోమసుందరాన్ని తొలుస్తున్న సందేహం. నీలం ఫ్రెంచి కారా? ఆకుపచ్చ ఇంగ్లీషు కారా? జిల్లాలో ఇలాంటివి ఈ రెండే. కార్ల పిచ్చి ఉన్న దొరలు కలకత్తా నుంచి వచ్చి మరీ చూసిపోతారు.

1926 కార్తీకం. దీపాలు పెట్టే వేళ. ఇవాళ తేలిపోతోంది...

తేలకపోతే బాగుండును!

"కొట్టవయ్యా!" స్టీరింగు తిప్పుతూ అరుస్తాడు మన్మథరావు. నర్సీపట్నంలో చిన్న దొర. రెండు కార్లూ ఆయనవే. ఒళ్లో రివాల్వరు.

పక్కసీట్లో మెకానిక్కు సోమసుందరం పంపు కొడుతున్నాడు. ట్యాంకులోకి గాలి ఎక్కుతుంటేనే ఈ ఆకుపచ్చ కారుకు పెట్రోలు అందుతుంది. చెయ్యి ఆగితే ఇంజనూ ఆగుతుంది.

ముందు నీలం కారు. నడిపేది దొర దగ్గరి డ్రైవరే, మంగరాజు. పక్కన అతని భార్య దేవుడమ్మ... ఒళ్లంతా నెత్తురు!

సంత దగ్గర ఆమెను గుద్దింది ఈ ఆకుపచ్చ కారే. నడిపింది దొరే. దిగి చూడను కూడా లేదు.

విశాఖ ఆసుపత్రికి చేరితే ఆమె బతుకుతుంది. బతికితే దొర పేరు చెబుతుంది.

మలుపు!

నీలం కారు చటుక్కున తగ్గి, పిల్లిలా తిరిగిపోతుంది. దానికి నాలుగు చక్రాలకూ బ్రేకులు! ఆకుపచ్చది వెనక చక్రాల మీదే ఈడ్చుకుంటూ గట్టు దాకా జారుతుంది.

"మలుపుల్లో అదే రాణి," పళ్లు కొరుకుతాడు దొర. "రోలుగుంట దాటనీ. దాని సంగతి సెప్తాను!"

రోలుగుంట దాటింది. తిన్నని రోడ్డు. పొడుగాటి బానెట్టు కింద ఇంజను గర్జిస్తుంది. దగ్గర... ఇంకా దగ్గర... పక్కపక్కనే!

మంగరాజు తల తిప్పుతాడు.

"సుందరంబాబూ! నువ్వా? నువ్వు కూడానా?"

"దేవుడమ్మకి ఎలా ఉందిరా?"

"ఊపిరాడతంది! నీకు దండం పెడతాను, మమ్మల్ని ఒగ్గీయండి!"

దొర రివాల్వరు ఎత్తుతాడు. ఒంటిచేతి స్టీరింగు వణుకుతుంది. నీలం కారు మళ్లీ ముందుకు దూకుతుంది.

"బాబుగారూ, ఆవిడ బతికే ఉందండీ."

"అదేనయ్యా నా బాధ! కొట్టు!"

భగవంతుడా, నా చేతికి ఈ పనే రాశావా?

వర్ధనమ్మ గుర్తొస్తుంది. తన ఇల్లాలు. ఆఖరి జ్వరం... మందు రంగరించడానికి కొండతేనె కావాలన్నాడు వైద్యుడు. ముసురులో కొండెక్కి గిన్నెడు తెచ్చింది మంగరాజే. "ముందు అమ్మగోరికి నాకించండి" అన్నాడు. ఆమె దక్కలేదు. అతను మారుగా ఏమీ పుచ్చుకోనూ లేదు.

సోమసుందరం పంపు మీద నుంచి చెయ్యి తీసేస్తాడు.

ఇంజను దగ్గుతుంది. మళ్లీ దగ్గుతుంది. ఆగిపోతుంది.

"ఏటిది? కొట్టు!"

"కొట్టనండి."

"పిచ్చెక్కిందేటి? కొడతావా, కాల్చమంటావా?"

"కాల్చండి."

ధన్!

రొమ్ములో నిప్పు...

ఆ చప్పుడుకి, చీకట్లో నీలం కారు హోరు ఒక్కసారిగా హెచ్చుతుంది. తన మీదే కాల్చారనుకున్నాడు కాబోలు మంగరాజు. ఈ సుందరంబాబుని తిట్టుకుంటున్నాడేమో...

తిట్టుకోనీ. బేగి పోరా, నాయనా.

గిన్నెడు తేనె... తీరింది.