గార్డు వెనకే ఉండాలి

"ఏమండీ, బస్సు దిగినప్పటి నుంచి చూస్తున్నాను, నా వెనకాలే వస్తున్నారు. మీకు వేరే పనేం లేదా?"

ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. వానకు తడిసిన కాలిబాట మధ్యలో ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆయాసపడుతూ అడిగింది. ఆయాసం కోపాన్ని ఏమాత్రం తగ్గించలేదు.

"ఇదే నా పనండీ," అన్నాను.

"ఆడపిల్లల వెంట పడటమా?"

"ఎవరు ఆఖర్న ఉంటే వాళ్ల వెంట పడటం. పోయిన వారం మన బృందంలోని ఫోటో బాబాయ్ వెంట పడ్డాను. కావాలంటే ఆయన్ని అడగండి."

ఆమె నన్నేమీ నమ్మలేదు. అక్కడే నిలబడి విజిల్ అక్కకి ఫోన్ చేసింది.

విజిల్ అక్క మా నడక బృందానికి పెద్ద. వారమంతా పిల్లలకు ఈత నేర్పుతుంది, ఆదివారం వస్తే మమ్మల్ని కొండలెక్కిస్తుంది. ముందు ఆవిడ, వెనక నేను. వెనక ఉండేవాడు ఆఖరి మనిషిని దాటి ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. వాళ్లు కూర్చుంటే కూర్చోవాలి, లేస్తే లేవాలి. రైలు చివరి పెట్టెలో గార్డు ఉంటాడు కదా, అలాగన్నమాట. అందుకే నాకు గార్డు అనే పేరు ఖాయమైపోయింది. మిగతా రోజుల్లో నేను కళ్లజోళ్ల షాపులో ఫ్రేములకు అద్దాలు బిగిస్తుంటానన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఫోన్ పెట్టేసి ఆమె నావైపు చూడకుండా అడిగింది. "అయితే ఆఖరు నేనేనా?"

"ప్రస్తుతానికి."

"మీరు ముందుకెళ్లిపోండి. ఎవరైనా చూస్తుంటే నాకు కాళ్లు పడవు."

"వెళ్లకూడదండీ."

"నేను సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటే?"

"నేనూ కూర్చోవాలి. ఫర్వాలేదు, సంచిలో బన్నులున్నాయి."

అప్పుడు నవ్వింది. నవ్వగానే దగ్గొచ్చింది. ఆమె దగ్గుతుంటే చూస్తూ నిలబడటం బాగుండదని నేను వంగి బూటు సవరించుకున్నాను.

మా ఊరికి ఒక అదృష్టం ఉంది. ఎంత పెద్ద నగరమైనా, చివరి బస్‌స్టాప్ వెనక నుంచే కొండలు మొదలవుతాయి. ఒక దారి వాగు పక్కన నీడలో పోతుంది, ఒకటి రిజర్వాయర్ చుట్టూ తిరుగుతుంది, అన్నిటికన్నా నిటారైనది బోడికొండ మీదికి పోతుంది. టికెట్ కొనుక్కుని కిటికీ పక్కన ఓ కునుకు తీస్తే చాలు, హారన్ల మోత అయిపోయి పిట్టల మోత మొదలవుతుంది. ఈ దారులు ఇంత దగ్గర్లో ఉన్నందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక నేను ఆ బస్సుకే పెడుతుంటాను.

ఆ బస్సు నడిపేది ఆమె నాన్నే అని ఆరోజు తిరుగు ప్రయాణంలో తెలిసింది.

"అందరూ ఎక్కారా బాబూ?" అని అడిగాడాయన.

"నేనెక్కానంటే అందరూ ఎక్కినట్టేనండీ."

ఆయన డ్రైవర్ అద్దంలోంచి నన్ను ఓసారి, కూతుర్ని ఓసారి చూసి బండి కదిలించాడు.

తర్వాతి ఆదివారాల్లో ఆమె సంగతులు కొంచెం కొంచెంగా తెలిశాయి. షాపులకు బోర్డులు రాస్తుందట. నిచ్చెన మీద నిలబడి మనిషంత అక్షరాలు రాసే పిల్లకి చలికాలంలో ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. మంచం దిగాక నిచ్చెన సగం ఎక్కేసరికి కళ్లు తిరిగేవి. డాక్టరు నడవమన్నాడు, వాళ్ల నాన్న తన బస్సులోనే ఎక్కించి తెచ్చి మాకు అప్పగించాడు. మళ్లీ నిచ్చెన ఎక్కి తన బోర్డులు తానే రాయాలి, ఆమెకు కావలసింది అంతే.

బృందంలో వాళ్లు ఆమెకు ప్యాసింజర్ అని పేరు పెట్టారు. ప్యాసింజర్ రైలులా ప్రతి చెట్టు దగ్గరా ఆగుతుందని. ఆమె ఆగినప్పుడల్లా నేను బూటు సవరించుకునేవాణ్ణి.

"మీ షాపు బోర్డు చూశాను. పూర్తిగా వెలిసిపోయింది," అంది ఓసారి వాగు దారిలో.

"అలాగా? నేను గమనించలేదు."

"కళ్లజోళ్ల షాపులో ఉండి కూడానా?"

ఆకుల మీంచి వాన చుక్కలు మా ఇద్దరి మీదా పడుతున్నాయి. ఆమె కళ్లజోడు నిండా నీళ్లే. తుడిచి ఇస్తానని చెయ్యి చాపాను. అద్దాలు తుడవడం నాకు రోజూ ఉండే పనే, కానీ ఆరోజు తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాను. కళ్లజోడు లేకుండా ఆమె నావైపే చూస్తోంది. నేను మసకగా కనిపిస్తుంటానని ధైర్యం తెచ్చుకుని కాసేపు తనివితీరా చూశాను.

"దగ్గర్నుంచి నాకు బాగానే కనపడుతుంది," అంది.

కళ్లజోడు ఇచ్చేసి బూటు సవరించుకున్నాను.

వానాకాలం పోతుండగా ఆమె ఆగడం తగ్గింది. దగ్గు పోయింది. రిజర్వాయర్ దారిలో ఓరోజు ఫోటో బాబాయ్‌ని దాటేసి వెళ్లిపోయింది కూడా. సంతోషించాల్సింది పోయి నాకు భయం వేసింది. ఆమె ఆఖర్న లేకపోతే ఆమె పక్కన నాకేం పని? ఆమె ఊపిరి కుదుటపడుతున్నకొద్దీ నాకు ఊపిరాడటం మానేసింది.

బోడికొండ ఎక్కే ఆదివారం రానే వచ్చింది. గట్టివాళ్లు అక్కతో చకచకా ఎక్కేస్తారు, మిగతావాళ్లు నాతో నిదానంగా వస్తారు. ఎవరు ఎటో చెప్పాల్సింది నేనే, వెనక నుంచి అందరి నడకా చూసేవాణ్ణి కాబట్టి.

"తమ్ముడూ, ప్యాసింజర్ సంగతేంటి? నాతో తీసుకెళ్లనా, నీ దగ్గర ఉంచనా?" అని అడిగింది అక్క.

"ఇంకా కొన్నాళ్లు పోనీ అక్కా" అంటే చాలు. ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఈ ఆదివారం కూడా ఆమె నా ముందే నడుస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ పక్కనే ఆమె కొండ కొసవైపు తలెత్తి, నిచ్చెన చూసినట్టు చూస్తోంది.

"నీతో తీసుకెళ్లు అక్కా. ఎక్కేస్తుంది," అన్నాను.

ఆమె చటుక్కున నావైపు తిరిగింది. "వదిలించుకున్నారన్నమాట," అని, సమాధానం చెప్పేలోపే చరచరా వెళ్లిపోయింది.

నేను ఫోటో బాబాయ్ వెనక నడిచాను. ఆయన ప్రతి పువ్వుకీ ఫోటో తీశాడు, ప్రతి పురుగుకీ తీశాడు. చివరికి నావైపు తిరిగి నాకూ ఒకటి తీశాడు.

"ముఖం అలా ఉందేమిట్రా? ఇదిగో చూసుకో, ఆముదం తాగినట్టున్నావు."

"ఏం లేదు బాబాయ్."

"ఏం లేకపోతే మంచిదే," అని మళ్లీ పురుగుల మీద పడ్డాడు.

కొస ఇంకా కాస్త దూరం ఉందనగా, చివరి మలుపులో బండ మీద ఆమె కూర్చుని ఉంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. నేను సరేనన్నందుకే పంపారు, ఏమైనా అయితే ఆ పాపం నాదే. పరుగెత్తబోయాను, బాబాయ్‌ని దాటకూడదని గుర్తొచ్చి ఆగిపోయాను.

బాబాయ్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, కెమెరా సంచిలో పెట్టేశాడు. ఆయన కెమెరా సంచిలో పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. గబగబా పైకి వెళ్లిపోయాడు.

"ఏమైంది? ఆయాసమా?" అన్నాను.

"ఇప్పుడు ఆఖరు ఎవరు?"

"మీరే."

"నేను కూర్చున్నాను."

నేనూ కూర్చున్నాను. రూలు రూలే కదా.

"ఆయాసం లేదు, ఏమీ లేదు. పైకి ఎక్కేశాను," అంది. "ఊరంతా కనపడింది. కింద నాన్న బస్సు కూడా కనపడింది. చూశారా అని పక్కకి తిరిగితే మీరు లేరు. నాకెందుకో ఏడుపొచ్చింది. దిగొచ్చేశాను."

"మిమ్మల్ని వదిలించుకోవాలని చెప్పలేదు నేను."

"తెలుసు. సగం దారిలో అర్థమైంది. ఉంచేసుకోవాలని ఉన్నా పంపించారు." పక్కనున్న గడ్డిపరక ఒకటి తెంపింది. "జబ్బులో ఉన్నప్పుడు అందరూ నా మంచి కోరే తొందరపెట్టారు. త్వరగా తిను, త్వరగా లే, త్వరగా పనిలోకి వెళ్లు. మీరొక్కరే ఒక్కసారి కూడా త్వరగా అనలేదు. అందుకే లేవగలిగాను."

"అది నా డ్యూటీ అండీ."

"మరి బూటో? నేను ఆగినప్పుడల్లా లేసు కట్టుకుంటూ కూర్చునేవారు, నాకు సిగ్గెయ్యకుండా."

"అదీ... ఊడిపోతుంటుంది."

"మీ బూట్లకి లేసులే లేవు. అంటించే పట్టీలు. రెండో వారమే చూశాను."

నేను నా బూట్లవైపు చూసుకున్నాను. పట్టీలే. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

"ఈ దారుల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాను. నాకు కనపడేవన్నీ వీపులే," అన్నాను. "వెనక్కి తిరిగి నా ముఖం చూసి మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే. తిట్టడానికైనా సరే. ఆ తిట్టుకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. నువ్వంటే నాకు ఇష్టం."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసిందని అన్నాక తెలిసింది. ఆమె సరిచెయ్యలేదు.

"నాకూ," అంది. లేచి, నా సంచి లాక్కుని తన భుజానికి తగిలించుకుంది. "పద. ఇవాళ గార్డుని నేను. నువ్వు ముందు నడు."

నా వెనక ఇంకొకరి అడుగుల చప్పుడు వినడం నాకు అదే మొదటిసారి. రెండుసార్లు ఊరికే ఆగాను. ఆమె వంగి, లేని లేసు కట్టుకుంది.

సాయంత్రం బస్సు దగ్గర అందరూ ఎక్కాక, అలవాటు ప్రకారం నేను చివర ఎక్కాను. ఆమె పక్క సీట్లో నా సంచి మాత్రమే ఉంది. నేను ఎప్పటిలాగే వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు కదల్లేదు.

"అందరూ ఎక్కారండీ," అన్నాను.

ఆయన ఇంజన్ ఆపేసి అద్దంలోంచి నావైపు చూశాడు.

"ఇన్నాళ్లూ మా అమ్మాయి వెనక ఉన్నావు, దాన్ని మళ్లీ మనిషిని చేసి నాకిచ్చావు. పక్కన కూర్చోవడానికి కూడా నేనే చెప్పాలా బాబూ?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, సీటు మీద పెట్టిన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను వెళ్లి కూర్చున్నాక బస్సు కదిలింది.