పదికి మూడు

శనివారం పొద్దున్న అమెరికాలోని క్యారీ ఊళ్లో, కూతురి ఇంట్లో ఉప్మా పొగలు కక్కుతోంది. గిరిజగారి మోకాలు మాత్రం అరవై డిగ్రీల దగ్గర మొండికేసింది.

ఆరు వారాల కిందట రీసైక్లింగ్ డబ్బా బయట పెట్టబోయి ఐస్ మీద జారారావిడ. మోకాలి కింది ఎముక, సరిగ్గా కీలు ఆనేచోట పగిలి లోపలికి కుంగింది. సర్జన్ ఆ ముక్కను పైకి లేపి, ప్లేటు పెట్టి, ఆరు స్క్రూలు బిగించాడు. ఎముక చక్కగా అతుకుతోందన్నాడు. మోకాలు వంగడమే మిగిలింది. రెండు వారాల్లో తొంభైకి రాకపోతే మత్తిచ్చి తామే వంచాల్సి వస్తుందనీ చెప్పాడు. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ మత్తు అనేసరికి గిరిజగారికి ముద్ద దిగడం లేదు.

ముప్ఫై ఏళ్లు తెనాలి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఎన్ని వేల మంది చేత లంబకోణాలు గీయించారో లెక్కలేదు. సొంత కాలితో ఒక్కటి వేయలేకపోవడం ఆవిడకెంత చిన్నతనమో చెప్పనక్కర్లేదు.

కూతురు ఇంద్రజ పాదానికి టవల్ తగిలించి కొసలు చేతికిచ్చింది. గిరిజగారు రెండుసార్లు లాగి, పెదవి బిగించి, వదిలేశారు. ఆఫీస్ కాల్స్ మధ్యలో పరుగెత్తుకొచ్చి ఈ వ్యాయామాలు చేయిస్తున్న ఇంద్రజకు ఓపిక చచ్చిపోయింది.

"నొప్పి పదికి ఎంతని థెరపిస్ట్ అడిగిన ప్రతిసారీ మూడు అంటావు. మూడే అన్నావని డాక్టర్ స్ట్రాంగ్ టాబ్లెట్ ఆపేశాడు. మూడుకే వదిలేస్తే ఎలా వంగుతుంది? నువ్వు ట్రై చేయట్లేదమ్మా."

అల్లుడు ఫణికుమార్ గాలివాటం కనిపెట్టి ఉప్మా గిన్నెతో సహా వంటింట్లోకి తప్పుకున్నాడు.

"ట్రై చేయకుండానే ఈ చెమటలా?" అన్నారు గిరిజగారు.

ఇంద్రజ అప్పుడు చూసింది. అమ్మ జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది. మూడు నొప్పికి ఇంత చెమటా? ఎందుకో అనుమానం వచ్చి, తనను కన్నప్పటి నొప్పికి ఎంత వేస్తావని అడిగింది.

గిరిజగారు ఆలోచించారు. పేపర్లు దిద్దేటప్పుడు పెట్టే మొహమే అది.

"రెండు రోజులు పడ్డాను. చివరికి ఆపరేషన్ చేశారు. నాలుగు వేయొచ్చు."

"నాలుగా?"

"పదికి పది ఎవరైనా వేస్తారుటే? రేపు ఇంతకన్నా పెద్దదొస్తే వేయడానికి మార్కులు మిగలొద్దూ?"

ఇంద్రజకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తొమ్మిదో తరగతిలో క్లాసు ఫస్టు వచ్చిన తన పేపరుకు పదికి ఆరున్నర వేసిన చెయ్యి ఇది. ఆ చేత్తోనే అమ్మ తన నొప్పికీ మార్కులు కోసుకుంటోంది. థెరపిస్ట్ పక్కన నిలబడి, 'త్రీ' అని హుషారుగా ఇంగ్లీషులో అందించింది తనే.

"అవి మార్కులు కావమ్మా. పది అంటే ఇక భరించలేనని చెప్పడం," అంటూ అమ్మ ఒళ్లో తల పెట్టేసింది. ఇన్నాళ్లూ బాధ పడుతున్న మనిషిని బద్ధకస్తురాలి కింద జమకట్టినందుకు సిగ్గుతో కుమిలిపోయింది.

"నేను చెప్తేగా నీకు తెలిసేది," అని గిరిజగారు ఆమె జుట్టు సర్దారు.

సోమవారం పొద్దున్నే ఇంద్రజ డాక్టర్‌కి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. వ్యాయామానికి గంట ముందు వేసుకోమని మళ్లీ టాబ్లెట్ రాశారు. అరవై ఎనిమిది, డెబ్బై ఏడు, ఎనభై అయిదు. కోణమానిని లాంటి పరికరం పెట్టి థెరపిస్ట్ కొలిచిన ప్రతిసారీ గిరిజగారు తనూ వంగి అంకె చూసుకునేవారు. ఒకరి కొలత నమ్మే అలవాటు ఆవిడకు లేదు. రెండో వారం చివర తొంభై రెండు వచ్చింది. మత్తు అక్కర్లేదన్నాడు సర్జన్.

తిరుగు దారిలో కారు ముందు సీట్లో, ఇన్నాళ్లకు కాలు మడిచి పాదం కింద ఆనించి కూర్చున్నారు గిరిజగారు. కాసేపు కిటికీలోంచి చూసి, "నీకు తొమ్మిదిన్నర," అన్నారు.

ఇంద్రజకు రోడ్డు మసకబారింది. సిగ్నల్ దగ్గర కారాపి కళ్లు తుడుచుకుంది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ దగ్గర తొమ్మిది దాటడం ఇదే మొదలు.

"ఆ అర ఎందుకు కోశావు?"

"ఆరు వారాలు ప్రశ్న చదవకుండానే జవాబు రాశావుగా."